దీపాల చెంగయ్య నిలబడిన చోటు

నేను ఒక వీధిని. నిజం వీధిని కాదు, గుడారపు గుడ్డ మీద నూనెరంగులతో రాసిన వీధిని. మద్రాసులో ట్రాములు తిరుగుతూ, వీధి స్తంభాలకు కొత్తగా కరెంటు తీగలు లాగుతున్న రోజుల్లో, నెల్లూరు నుంచి వచ్చిన పెంచలాచారి నన్ను రాశాడు. ఓ మిల్లు దొర తన ఆఫీసు గదికి కావాలన్నాడట. పొగగొట్టాలు, ట్రాము, దూది బేళ్ల బండ్లు, మిల్లు వదిలితే గుంపుగా వచ్చే జనం, అన్నీ నాలో ఇమిడాయి. జనం చీమల్లా ఉన్నారు. మొహం ఉన్నది ఒక్కడికే.

అతను దీపాల చెంగయ్య. భుజాన నిచ్చెన, చేతిలో నూనెడబ్బా. పొద్దు వాలగానే ఆ వీధి దీపాలు వెలిగించేవాడు. ఆచారి అతణ్ణి నాలుగు సాయంత్రాలు ఎదురుగా నిలబెట్టుకుని రాశాడు. పక్కనున్న సోడాబండి మనిషి ఊరుకునేవాడు కాదు.

"ఏం చెంగయ్యా, కరెంటొస్తే నీ నిచ్చెనని ఏం జేస్తావు?"

"సున్నాలేసేదానికి పోతా. గోడలకి కూడా కరెంటు పెడతారా ఏంది?"

ఐదోనాడు చెంగయ్య పెళ్లాం చెంచమ్మ వచ్చింది, చంకలో ఆడబిడ్డతో. నన్ను చూసి బెదిరిపోయింది.

"మనిషిని బొమ్మలోకి దించితే ఆయుసు తగ్గతాదంట సామీ. తుడిపెయ్యి. నీకు దణ్ణం పెడతా."

ఆచారి మాట తక్కువ మనిషి. వాదించలేదు. ఆమె చూస్తుండగానే చెంగయ్య మీదుగా ఓ కొత్త కరెంటు స్తంభం రాసేశాడు. ఆమె తేలికపడి వెళ్లింది. మనుషులు చిత్రమైనవాళ్లు. మొగుడు రోజూ నిచ్చెనెక్కుతుంటే లేని భయం, నన్ను చూస్తే కలిగింది.

పదిహేను రోజులకు ఆ పేటలో కలరా దిగింది. చెంగయ్య రెండు పూటల్లో పోయాడు.

నెల తిరక్కముందే చెంచమ్మ మళ్లీ వచ్చింది.

"బిడ్డ పెద్దదై, మా నాయన ఎట్టుండేవాడే అంటే ఏం చూపించేది సామీ? ఆ స్తంభం తీసెయ్యి."

"మళ్లీ రాసిస్తాలేమ్మా. నాకు గుర్తుండాడు."

"గుర్తుకి రాసేది వద్దు. ఆయన ఎదురుగా నిలబడిందే కావాల."

"వానలకి కింద రంగు సరిగా ఆరలా. పైది తీస్తే అదీ వచ్చేస్తాదేమో."

"రాదులే. తియ్యి."

గుడ్డపీలికను టర్పెంటైనులో తడిపి ఆచారి మెల్లగా అద్దాడు. స్తంభం కరిగింది. నిచ్చెన మెట్లు కనిపించాయి. తలగుడ్డ కనిపించింది. ఆ తరువాత ఎడమ కన్ను, సాయంత్రపు ఎండకు కాస్త ముడిచిన కన్ను. చెంచమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆచారి చెయ్యి తీశాడు.

"చాలమ్మా. ఇంతటితో ఆపుదాం."

"ఇంకొంచెం సామీ. ఆ నోరు కూడా. నవ్వతా ఉండాడేమో చూడాల."

వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు. ఆచారి మళ్లీ అద్దాడు. కన్నూ తలగుడ్డా పీలికలోకి వచ్చేశాయి. నాలో మసక మిగిలింది.

ఆచారి ఆ పీలికను పారేయబోతే చెంచమ్మ తీసుకుంది. మడిచి కొంగున ముడేసుకుని, బిడ్డను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆచారి ఆ చోట మళ్లీ రంగు వెయ్యలేదు. అందుకే దొర నన్ను తీసుకోలేదు. ఓ కాఫీ హోటలు గోడ మీద ముప్పై ఏళ్లు పొగచూరాను. తరువాత మ్యూజియానికి చేరాను. జనం వచ్చి ట్రామును చూస్తారు. ఆ మసక దగ్గర తడి తగిలిందేమో అనుకుని ముందుకు పోతారు. ఒకప్పుడు ఏ ముసలమ్మయినా కాస్త ఎక్కువసేపు నిలబడితే, ఆ ఆడబిడ్డేనేమో అనిపించేది. ఆమే అయినా చూపించడానికి నా దగ్గర ఏముంది? వాళ్ల నాయన వాళ్లమ్మ కొంగున వెళ్లిపోయాడు.