ఎడమవైపు దిండు

ముందు గదిలో ఇమామ్ విల్లు అందుకుని దూది ఏకడం మొదలుపెట్టేసరికి, వెనక గదిలో సకీనాబీ పీట మీద కూర్చుని, పళ్లతో దారం కొరికి సూదిలోకి ఎక్కించింది. ఒళ్లో పిడికెడు దూది, పక్కన చేటలో వేయించిన రాగులు, ఆ ఊరి మాటలో చోళ్లు. విల్లు మోగినప్పుడల్లా మధ్య గోడ సన్నగా అదిరి, చేటలో గింజలు కదులుతున్నాయి.

పది నెలల కిందట ఈ పీట ముందు గదిలోనే ఉండేది. ఆయన ఏకితే ఆవిడ కుట్టేది. అనకాపల్లిలో, చుట్టుపక్కల ఊళ్లలో ఆవిడ కుట్టిన పరుపుల మీద కాపరాలు మొదలుపెట్టినవాళ్లు ఎందరో. ఇప్పుడు వాళ్లే అరుగు ఎక్కీ ఎక్కకముందే లోపలికి తొంగి చూస్తున్నారు. ఇవాళ పొద్దున్నే ఒక బెల్లం వర్తకుడి భార్య వచ్చింది. కూతురికి బొంత కావాలంటే, కుట్టి ఉంచినది ఒకటి ఇమామ్ తీసి చూపించాడు.

"మీ ఆడమనిషి చెయ్యెట్టలేదు కదా ఇమామూ? రాచపుండు కదా, దూదికి అంటుకుంటాదంటున్నారు."

"లేదమ్మా, లేదు. అంతా నేనే. ఆవిడ ఈ వైపుకే రాదు."

వర్తకుడి భార్య ముచ్చటపడి నిమురుతున్న ఆ బొంతకు నాలుగో అంచు సకీనాబీ రాత్రే కుట్టింది, ఆ వేళ్లనొప్పి ఇంకా తగ్గనేలేదు. తలుపు వెనక ఆవిడకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. అసహ్యం వేసింది. ఆ బొంత కప్పుకుని పడుకోబోయే పిల్ల మీద తప్ప అందరి మీదా వేసింది.

అసహ్యం ఆవిడకు కొత్త కాదు. విశాఖపట్నం పెద్దాసుపత్రిలో కుడి రొమ్ము చంకదాకా కోసి తీసేశాక, ఇంటికి వచ్చిన మొదటి వారమంతా వీధిలో ఆడవాళ్లు చూడ్డానికి వచ్చారు. చూడ్డమంటే పలకరించడం కాదు, నిజంగా చూడ్డమే. తలుపు దగ్గరకు వేసి, "ఏదీ, ఓసారి పైట తీయి" అన్నారు. తీస్తే ఒకావిడ తన రొమ్ము మీద చెయ్యి వేసుకుని దేవుడిని తలుచుకుంది. ఇంకొకావిడ గుమ్మం దాటీ దాటకుండానే తుపుక్కున ఉమ్మేసింది. ఆ తరువాత ఎవరూ రాలేదు, చూడవలసింది చూసేశారు కదా.

తోడికోడలు నాగూర్‌బీ చెడ్డదేం కాదు. వేళకి అన్నం పెడుతుంది, టీ ఇస్తుంది. ఆ టీ ఇచ్చే గ్లాసుకు మాత్రం అంచు కింద నల్లదారం కట్టి ఉంచింది. మిగతా గ్లాసుల్లో కలిసిపోకుండా గుర్తట. పిల్లలు ఆ గ్లాసు ముట్టుకుంటే వీపు చిట్లగొడుతుంది.

ఇమామ్ ఒక్క మాట కూడా అనలేదు. మొదట్లో ఒకరోజు, మొగుడన్న వాడు చేయాలి కదా అనుకున్నాడేమో, కట్టు మార్చబోయాడు. సగం విప్పి, నోరు మూసుకుని పెరట్లోకి పరుగెత్తాడు. వాంతి చేసుకుని, మొహం కడుక్కుని వచ్చి, "పొద్దున తిన్న గారెలు పడలేదు" అన్నాడు. ఆ రోజు ఇంట్లో ఎవరూ గారెలు వండలేదు. అప్పటినుంచీ గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఇంతమందిలో ఆవిడను ముట్టుకునే మనిషి ఒక్కర్తే. ఆ మనిషి ఈ ఇంటిది కాదు, ఈ ఊరిదీ కాదు.

తలుపులమ్మది చీడికాడ దగ్గర పల్లె. మొగుడు సత్తియ్యతో సమానంగా చెరుకు నరికే మనిషి. ఆసుపత్రిలో పక్కమంచం. సకీనాబీకి కుడివైపు పోతే తలుపులమ్మకు ఎడమవైపు పోయింది. కట్లు విప్పిన రోజున మిగతావాళ్లంతా మొహం తిప్పుకుంటే, ఆ మనిషి చెయ్యి చాచి సకీనాబీ కుట్ల మీద వేలితో రాసి చూసి, "నీది నున్నగా వచ్చిందొదినా. నాది సూడు, గోనెసంచి కుట్టినట్టు కుట్టేసేరు" అంది. సకీనాబీ చూసింది. నిజమే, పోగు పోగుకూ ఎడం సమానంగా లేదు. "ఇలా కుడితే మా ఆయన నాకు కూడు పెట్టడు" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని ఒకరి పక్క ఒకరు పట్టుకుని మరీ నవ్వారు. "నీదొకటి, నాదొకటి. ఇద్దరం కలిత్తే ఒక నిండు మనిసిమి" అనేది తలుపులమ్మ.

ఇంటికొచ్చాక ప్రతి గురువారం బెల్లం బళ్లతో పాటు అనకాపల్లి వచ్చేది. సత్తియ్య బండి కట్టుకుని మార్కెట్లో ఉంటే, ఆవిడ తిన్నగా ఈ వెనక గదికి వచ్చి తలుపు వేసేది. కోసిన వైపు వాచిన చేతులకు ఒకరికొకరు ఆముదం రాసుకుని వేళ్లనుంచి భుజందాకా తోమేవాళ్లు. ఆసుపత్రిలో నర్సు నేర్పినట్టు గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను ఒక్కొక్కటే పైకి నడిపించేవాళ్లు. ఎంతవరకు అందితే అక్కడ గీత. సకీనాబీ సున్నంతో గీసేది. తలుపులమ్మ వేలికి ఎప్పుడూ బెల్లం అంటుకునే ఉండేది కనుక ఆ వేలితోనే గీసేది. మర్నాటికి ఆ గీతలకు చీమలు పట్టేవి. నాగూర్‌బీ తిడుతూ నీళ్లు కొట్టేది. నల్లదారం గ్లాసులో టీ వస్తే తలుపులమ్మ సగం తాగి, ఎంగిలి గ్లాసే సకీనాబీ చేతికి ఇచ్చేది.

చిన్నదిండు ఆలోచన సకీనాబీది. పరుపులు కుట్టే చేతికి ఆ మాత్రం తోచదా? రవికె లోపల పెట్టుకునేందుకు, చంకవైపు తోక తీసి, మల్లు గుడ్డతో రెండు కుట్టింది. బూరుగు దూది కూరింది. మెత్తగా బాగానే ఉన్నాయి గాని, బరువు లేదు. తలుపులమ్మ బజార్లో నాలుగడుగులు వేసేసరికి దిండు మెడ దగ్గరకు ఎక్కి కూర్చుంది. అది చూసి ఇంటికి పోయి, ఆ మహాతల్లి తనకు తోచిన వైద్యం తను చేసుకుంది. దూది సగం లాగేసి చోళ్లు పోసేసింది, పచ్చివి. వానాకాలం, పైగా ఒళ్లు వంచి పనిచేసే మనిషి. చెమటకీ తడికీ వారం తిరక్కుండా దిండు కంపు కొట్టింది. విప్పి చూస్తే గింజలన్నీ తెల్లగా మొలకలెత్తి ఉన్నాయి.

"నా గుండెల మీద నారు పోసేసేనొదినా! ఊడుపులకి నువ్వు కూడా రా" అని తలుపులమ్మ చెబుతుంటే, సకీనాబీ గోడకు చేరగిలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. అప్పటినుంచీ చోళ్లు ముందు మాడకుండా వేయించి, చల్లార్చి, దూది మధ్యలో పోస్తోంది. పక్కన కూర్చుంటే కమ్మగా అంబలి కాచిన ఇంటి వాసన వస్తుంది.

ఇప్పుడు ఒళ్లో ఉన్నది తలుపులమ్మకు మూడో దిండు. పాతది చిరుగు పట్టిందని కిందటిసారి చూపించింది. చూపిస్తూ ఒకటే దగ్గింది. నడుం నొప్పి అంది. "సెరుకు నరికిన నడుం, నొప్పెట్టక సుకవెడతాదేటి?" అంది. అది జరిగి మూడు వారాలు. తరువాత రెండు గురువారాలు రాలేదు. సకీనాబీ చెయ్యి తోమే దిక్కు లేక మణికట్టుదాకా వాచింది. సూది పట్టుకుంటే వేళ్లు వంగడం లేదు. అయినా ఇవాళ మళ్లీ గురువారం, దిండు అందించాలి. ఇవాళ కూడా రాకపోతే ఈ చేతిని ముట్టుకునే వాళ్లు ఈ లోకంలో ఇంకెవరున్నారు?

బళ్లతో రాకపోతే బస్సుకైనా వస్తుందేమో అనుకుంది. చీడికాడ బస్సు వచ్చిన అలికిడి అయింది. తలుపులమ్మ రాలేదు. మధ్యాహ్నం అన్నం వచ్చింది, తినబుద్ధి కాలేదు. వీధిలో బెల్లం బళ్ల వెంట ఈగలు గుంపులుగా వచ్చి ఇంటిలో దూరుతున్నాయి. ఉక్కకు తన దిండు తీసి పక్కన పెట్టుకుంది. మూడున్నర వేళకు అరుగు ముందు బండి ఆగింది.

"ఇమామ్ బావా, ఉన్నావేటి?"

సత్తియ్య గొంతు. సకీనాబీ సూది దిండుకే గుచ్చి, తలుపు సందులోంచి చూసింది. బండిలో ఆడమనిషి లేదు. చుట్టిన పరుపు ఒకటి తాడుతో కట్టి ఉంది. చారల గుడ్డ తనే కోసింది కనుక చూడగానే పోల్చుకుంది.

"రా బావా. మీ ఇంటిది రాలేదేటి? మాది పొద్దున్నించి కాసుకు కూకుంది" అన్నాడు ఇమామ్.

"ఇంకేటొత్తాది. పోనాది కదా. మొన్న మంగలారంతో పన్నెండు రోజులూ అయిపోనాయి."

విల్లు ఆగింది. "అయ్యో" అన్నాడు ఇమామ్. "కబురైనా ఎట్టలేదేటి బావా?"

"గానుగ మీద ఉన్నాం. బెల్లం వంట ఒదిలి రానానికి మనుసులేరీ?" అని సత్తియ్య పరుపు దింపి అరుగు మీద పడేశాడు. దాంతోపాటు ఈగలూ దిగాయి. మందు వాసన, చీము వాసన, మాసిన మనిషి వాసన ఒక్కసారిగా గదిలోకి వచ్చాయి. సత్తియ్య తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. "కాల్సేయమంది మా అమ్మ. కొత్త దూది కదేటి, కాల్సుకుంటామా? ఇప్పేసి, ఏకేసి, కొత్త గుడ్డేసి కుట్టు. తిరిగి ఏకితే ఏ దోసమూ ఉండదు. వైశాకంలో పనుంది."

"ఏటి పని బావా?"

"పెళ్లంటే పెళ్లి కాదనుకో. ఇంటికాడ పొయ్యి మీదకి మనిసుండాల కదా."

సకీనాబీ తలుపు వెనకనుంచే అడిగింది.

"ఆవిడ చిన్నదిండు ఏదీ?"

"ఏటది?" సత్తియ్య కాసేపు ఆలోచించాడు. "ఓ, అదా! గుడ్డ పెంట మీద పారేసేం. దాన్లో సోళ్లు కోళ్లకేసేం. ఏపిన సోళ్లు కదా, బాగా తిన్నాయి."

పది నెలలుగా దాటని తలుపు దాటి సకీనాబీ ముందు గదిలోకి వచ్చింది. కుడివైపు రవికె చదునుగా, వదులుగా వేలాడుతోంది. పైట సర్దుకోలేదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకుంది. వచ్చి ఆ పరుపు పక్కన కూర్చుని వాచిన చెయ్యి దాని మీద వేసింది.

"ఈ పరుపు ఎవరు కుట్టేరో తెలుసా సత్తియ్యన్నా? నేనే. కోసి ఇంటికొచ్చేక కుట్టిన మొదటి పరుపు ఇదే. కుట్లు మానకముందే కుట్టేను. మళ్లీ నేనే విప్పుతాను, నేనే కుడతాను. బొంతలూ నేనే కుడతన్నాను, ఈయన కాదు. ఈ చేత్తోనే. నీ కొత్తావిడకి చెప్పు."

సత్తియ్య రెండడుగులు వెనక్కి వేశాడు. పరుపు మోసిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. "ఒద్దులేమ్మా. మీరే ఉంచుకోండి. కాల్సేసుకోండి, ఏటైనా సేసుకోండి" అని, ఇమామ్‌వైపు తిరిగి, "సేతులు కడుక్కోనానికి నీలియ్యి బావా" అన్నాడు. ఇమామ్ చెంబు తెచ్చి పోశాడు. సత్తియ్య మోచేతులదాకా కడుక్కుని, బండెక్కి, వెనక్కి చూడకుండా తోలుకుపోయాడు.

ఇమామ్ ఖాళీ చెంబు పట్టుకుని నిలబడ్డాడు. "బేరాలు పోతాయే సకీనా" అన్నాడు.

"పోనీ."

పరుపు పెరట్లోకి తనే ఈడ్చుకుపోయింది. ఎడమ చేత్తో లాగి, నొప్పి పుడితే ఆగి, మళ్లీ లాగింది. నాగూర్‌బీ కొంగు ముక్కుకు పెట్టుకుని వంటింట్లోకి తప్పుకుంది. ఎండలో పరిచి చూస్తే ఒకవైపే లోతుగా గుంట పడి ఉంది. తలుపులమ్మ ఎప్పుడూ కుడిపక్కకే తిరిగి పడుకునేది మరి. ఆ గుంట పక్కన కూలబడి, అప్పుడు ఏడ్చింది సకీనాబీ. ఒంటరిగా పోయింది పిచ్చిది, పక్కన చెయ్యి వేసే మనిషి కూడా లేకుండా పోయింది అని ఏడ్చింది. ఏడ్చి, ఆముదం సీసా తెచ్చుకుని, తన చెయ్యి తనే తోముకుంది. భుజం వెనక్కి ఎడమ చెయ్యి అందలేదు.

ఆవిడ గదిలోకి వచ్చేసరికి ఇమామ్ అక్కడ ఉన్నాడు. పీట మీదనుంచి చిన్నదిండు తీసి, అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఏదో ఒకటి మంచిగా చెయ్యాలని, చెప్పాలని తంటాలు పడుతున్నట్టు ఉన్నాడు.

"ఇది బాగా కుదిరిందే. ఆవిడ లేదు కదా, నువ్వే ఎట్టుకోరాదా?"

సకీనాబీ ఆయన మొహంలోకి చూసింది. పదేళ్ల కాపరం, పది నెలల గోడవైపు నిద్ర.

"నాది కుడివైపు" అంది. "అది ఎడమది."

ఇమామ్ దిండు ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి, ముందు గదిలోకి పోయాడు. కాసేపటికి విల్లు మళ్లీ మోగింది. పీట మీద ఎడమవైపు దిండు, సూది దానికే గుచ్చి ఉంది. మూడు వేళ్ల మేర ఇంకా కుట్టని అంచులోంచి, గోడ అదిరినప్పుడల్లా, వేయించిన చోళ్లు ఒకటీ రెండూ పీట మీదకి జారుతున్నాయి.