ఎడమ పక్కన నర్సవ్వ

రొట్టె ఒక వైపు కాలి రెండో వైపుకు తిరగబడబోతుండగా జైపాల్ ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. ఈ వేళకు అతను కోరుట్ల బస్టాండు దగ్గర మల్లాపూర్ సవారీల కోసం కేకలు వేస్తూ ఉండాలి.

"సారు ఒప్పుకున్నడు," అన్నాడు గడపలో చెప్పులు విడుస్తూనే. "నలభై టీషర్ట్‌లు. బడిల ఆటల పోటీలున్నయట. గుడ్డ వాళ్లే ఇస్తరు, కుట్టుడు మనది."

'మనది' అన్న మాటకు రాధిక మురిసిపోయింది. పెళ్లయి మూడు నెలలైంది. మన కంచం, మన దుప్పటి, మన దోమతెర అని జైపాల్ అన్నప్పుడల్లా ఆమెకు లోపల ఎక్కడో గిలిగింత పుడుతుంది. ఈసారి గిలిగింత పుట్టింది, దాని వెనకే భయమూ పుట్టింది. రొట్టె మాడింది.

మల్లాపూర్ బడిలో ఆటల సారు రోజూ జైపాల్ ఆటోలోనే, ముందు సీట్లో అతని పక్కన ఇరుక్కుని పోతాడు. నెల రోజులుగా ఆయన చెవిలో జైపాల్ తన భార్య కుట్టుపని గురించి ఊదుతూనే ఉన్నాడు.

అత్త లింగవ్వ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. వేళ్లు ఆపకుండానే అంది: "నేను చెప్పలే? రొట్టెల సంగతి ఇడిచిపెట్టు, కుట్టుట్ల మాత్రం నా కోడలు కోడలే. కంపెనీల కుట్టిన పిల్ల అది."

రాధిక మాడిన రొట్టెను తన కంచంలో వేసుకుని తల వంచుకుంది. తల వంచుకున్నది రొట్టె గురించి కాదు.

సిరిసిల్ల యూనిట్‌లో ఆమె ఆరేళ్లు పనిచేసిన మాట నిజమే. కూర్చున్నది ఫ్లాట్‌లాక్ మిషన్ ముందు. పని ఒక్కటే, టీషర్ట్ చేతి అంచును అంగుళం మడిచి కుట్టడం. పైన జంట గీతలు పడతాయి, అడుగున జాలీలాంటి అల్లిక పడుతుంది. గుడ్డ ఎంత సాగితే కుట్టూ అంత సాగుతుంది, తెగదు. రోజుకు ఎనిమిది వందల చేతులు. కుట్టిన చేతిని చూడకుండానే ఎడమకు విసిరితే, ఎడమ పక్కన నర్సవ్వ అందుకుని ఒంటికి ఎక్కించేది. ఆ తర్వాత అది ఎవరి దగ్గర పక్కలు మూసుకుని, ఎవరి దగ్గర అడుగు మడిపించుకుని టీషర్ట్ అయ్యేదో రాధికకు తెలియదు. వంచిన తల ఎత్తితే చేతుల లెక్క తగ్గుతుంది.

పెళ్లిచూపులలో లింగవ్వ ఏం కుడతవు బిడ్డా అని అడిగితే, టీషర్ట్‌లు అంది. అబద్ధం కాదు. ఎక్కడెక్కడి మనుషుల మోచేతుల పైన ఆమె కుట్టు ఉందో లెక్కలేదు. కానీ మెడ నుంచి అడుగు దాకా నిండు టీషర్ట్ ఒక్కటి కూడా ఆమె చేతుల్లో పుట్టలేదు. ఆ మాట చెప్పాలని ఎన్నిసార్లు నోరు తెరిచినా, జైపాల్ అప్పటికే ఇంకెవరికో ఆమె గొప్ప చెబుతూ ఉండేవాడు.

"మిషన్ ఇయ్యాల్నే తెచ్చుకుందాం," అన్నాడు జైపాల్.

పెళ్లి కానుకల పైకం మిషన్‌కే అని ముందే అనుకున్నారు. పోయిన వారం జగిత్యాలలో ఒక దుకాణం చూశారు గానీ, అక్కడి మనిషి అట్టపెట్టెలో మెత్తగా చుట్టిపెట్టిన మిషన్‌ను ముట్టుకోనివ్వలేదు. ముట్టుకోకుండా మిషన్ ఎలా తీసుకుంటారో రాధికకు అర్థం కాలేదు. పెళ్లికొడుకును కూడా ఆమె రెండుసార్లు చూశాకే ఒప్పుకుంది.

ఇద్దరూ ఎక్కిన సిరిసిల్ల బస్సు వేములవాడలో సగం ఖాళీ అయి, అంతలోనే నున్నటి గుండ్లతో నిండింది. పక్క సీట్లో తల్లి ఒళ్లో ఉన్న పసిదాని గుండు మీద గంధం ఇంకా తడిగా ఉంది. రాధిక వేలితో దాని బుగ్గ తాకి, ఆ నవ్వు చూసి కాసేపు నలభై టీషర్ట్‌లను మరిచిపోయింది.

సిరిసిల్లలో కుట్టుమిషన్లు అమ్మే రవీందర్ దుకాణంలో మూడు రకాలున్నాయి. మూలన యూనిట్లు అమ్మేసిన పాత ఫ్లాట్‌లాక్, బల్లతో సహా ఎడ్లబండి అంత. దానికి తోడుగా ఓవర్‌లాక్ వేరేగా కొనాలి. రెండోది ఇంటి ఓవర్‌లాక్, బుజ్జిగా ఉంది, ముక్కలు జోడించి అంచు కోసి అల్లుతుంది గానీ మడత కుట్టదు. మూడోది రెండు పనులూ చేసే ఒక్క మిషన్. ఐదు దారాల కండెలు నెత్తిన పెట్టుకుని, తెల్లగా, కొంగలాగా నిలబడింది.

"గది తీస్కోకు చెల్లె," అన్నాడు రవీందర్ టీ తాగుతూ. "ఓవర్‌లాక్ కెళ్లి ఫ్లాట్‌లాక్ కు మార్చాల్నంటే కత్తి దించాలె, సూదులు మార్చాలె, దారం మళ్ల ఎక్కియ్యాలె. పావుగంట పోతది. ఇంట్ల కుట్టేటోళ్లు యాష్ట పడుతరు. రెండు మిషన్లు తీస్కో, నిమ్మలంగ ఉంటది."

"నీకు గూడ నిమ్మలంగనే ఉంటదన్నా," అంది రాధిక. రవీందర్‌కు టీ పొలమారింది.

అతను తెల్ల మిషన్ మీద గంజి పెట్టిన కాటన్ పీలికను కుట్టి చూపించబోయాడు. అట్లాంటి గుడ్డ మీద ఏ మిషనైనా బాగానే కుడుతుంది. రాధిక తన సంచిలోంచి మెత్తటి నీలం గుడ్డ ముక్కలు తీసింది.

జైపాల్ మెడ చాచి చూశాడు. "గది నా టీషర్ట్ గదా?"

"నీదే ఉండె," అంది రాధిక.

మొదటి కుట్టుకు అంచు అప్పడంలా అలలు తేలింది. రాధిక పక్కనున్న చక్రాన్ని కొంచెం తిప్పింది. సూది ముందు పళ్లు గుడ్డను ఎక్కువగా తోసి, వెనక పళ్లు తక్కువగా లాగితే అలలు పోతాయి. ఈసారి అంచు ఇస్త్రీ చేసినట్టు పడుకుంది. రెండు చేతులా పట్టి లాగింది. సాగింది, వెనక్కి వచ్చింది, ఒక్క పోగూ తెగలేదు. తర్వాత రవీందర్‌తోనే ఫ్లాట్‌లాక్‌కు మార్పించి, దగ్గర కూర్చుని చూసి, మళ్లీ తనే విప్పి తనే మార్చింది. రెండోసారి పది నిమిషాలే పట్టింది.

"నలభైకి నలభైసార్లు ఎవలు మార్చుతరన్నా," అంది. "ముందుగాల ఎనభై చేతులు మడిచి పక్కకు పెడత. ఒకపారి మారుస్త. అన్నీ జోడిస్త. ఇంకోపారి మారుస్త, అడుగులు మడుస్త. మొత్తం రెండేసార్లు."

రవీందర్ గ్లాసు కింద పెట్టి ఆమెవైపు చూశాడు. "యూనిట్ల చేసినవా?"

ఆమె తల ఊపి దారం సర్దింది. మిషన్ మెత్తగా, చెవికి ఇంపుగా పలుకుతోంది. చివరిసారి చూద్దామని నీలం చేతి ముక్కను మడిచి పెట్టింది. అంచు సూదుల కిందికి జారింది, జంట గీతలు నడిచాయి, దారం తెంపగానే ఆమె చేయి దానంతట అదే లేచి ముక్కను ఎడమకు విసిరింది. ముక్క పోయి రవీందర్ టీ గ్లాసు మీద నిండుగా కప్పుకుంది.

"టీకి చలి పెడుతుందని కప్పినవా చెల్లె?" అన్నాడు రవీందర్.

జైపాల్ పగలబడి నవ్వాడు. రాధిక నవ్వలేకపోయింది. ఎడమవైపు చూస్తూ ఉండిపోయింది. అక్కడ గోడ, గోడకు క్యాలెండరు ఉన్నాయి.

"ఇగో, ఒక మాట చెప్పాలె," అంది మెల్లగా. "నాకు చేతులు మడుచుడు ఒక్కటే అస్తది. టీషర్ట్ కుట్టుడు రాదు."

జైపాల్ నవ్వు సగంలో ఆగింది. రవీందర్ మర్యాదగా టీ గ్లాసు మీది గుడ్డను పిండుకుంటూ లోపలికి వెళ్లాడు.

"అస్సలే రాదా?"

"మొత్తం టీషర్ట్ ఎన్నడూ కుట్టలే. మెడ ఎట్లేస్తరో తెల్వది."

జైపాల్ తల గోక్కున్నాడు. "నేను సారుకు ప్యాంట్లు గూడ కుడుతదని చెప్పిన."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. కళ్లు తుడుచుకున్నాక జైపాల్ అడిగాడు: "మరి మిషన్ తీస్కుందామా, వాపస్ పోదామా?"

రాధిక తెల్ల మిషన్ మీద చేయి వేసింది. ఇంత మంచి మిషన్‌ను వదిలి పోవడం ఆమె వల్ల కాదు. సారుకు ఏం చెప్పాలో, అత్త మొహం ఎట్లా చూడాలో అంతకన్నా తెలియదు. గోడ గడియారం పన్నెండు దాటింది.

"కట్టియ్యమను," అంది. "జల్ది పోదాం. యూనిట్ల పన్నెండున్నరకు తిండి గంట కొడుతరు."

యూనిట్ గేటు బయట రేకుల నీడలో సిమెంటు బల్లల మీద ఆడవాళ్లు గిన్నెలు విప్పుతున్నారు. నర్సవ్వ రాధికను చూసి ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగింది. యాభై దాటిన మనిషి. ఎడమ భుజం కుడిదానికన్నా కొంచెం కిందికి వాలి ఉంటుంది.

"ఏం పిల్లా, మొగుణ్ని తెచ్చినవ్, అత్తగారూరి సీతాఫలాలు తేలేదా?"

"నాకు టీషర్ట్ కుట్టుడు రాదు నర్సవ్వా," అంది రాధిక, ఒక్క ఊపులో, అందరికీ వినబడేట్టు.

"మాకు మాత్రం అస్తదా?" అంది నర్సవ్వ.

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. తర్వాత, అన్నం తింటూనే, పప్పు అంటిన వేళ్లతోనే, ఒక్కొక్కరూ తమ తమ పని చెప్పడం మొదలుపెట్టారు. భుజాలు కలిపే ఆమె, ముందు ఒక్క భుజమే కలుపు, రెండోది మెడ అయినంక అంది. ఎందుకో తనకు తెలియదట, ఆమెకు అట్లాగే వస్తుంది గుడ్డ. నర్సవ్వ గాలిలో చేతులు ఎక్కించి చూపింది. ఎక్కించేటప్పుడు చేయి పైన, ఒళ్లు కింద ఉండాలి. చివరన కూర్చున్నామె సంక నుంచి నడుము దాకా ఒక్క పరుగులో పక్కలు మూసింది. జైపాల్ ఫోనులో రాసుకుంటూ, "సంక తర్వాతేంది?" అని అడుగుతుంటే, కొత్త పెళ్లికొడుకు సంక గురించి ఎంత శ్రద్ధగా అడుగుతున్నాడో అని ఒకామె ఇంకొకామెను పొడిచింది.

మెడ పట్టీ పని చిన్నవ్వది. ఆమె తక్కువ మాట్లాడుతుంది. కొంగులో గుచ్చుకున్న సూది తీసి, సంచిలోంచి సాగే తెల్ల పీలిక ఒకటి, గుడ్డ ముక్క ఒకటి తీసి చిన్నదిగా కుట్టసాగింది.

"మెడ కంటె పట్టీ నాలుగు వేళ్లు తక్కువ కొయ్యాలె," అంది. "పట్టీని సాగదియ్యి. మెడను సాగదియ్యకు. సాగదిస్తే చెరువు నోరు తెరుచుకున్నట్టైతది."

గంట కొట్టింది. గిన్నెలకు మూతలు పడ్డాయి. అందరితోపాటు రాధిక కూడా లేచి, వరుసలో నాలుగడుగులు వేసి గేటు దగ్గర ఆగిపోయింది. గేటు ముసలాయన చేయి చాపాడు. "కార్డేది బిడ్డా?"

పెళ్లి సెలవు అని చెప్పి వెళ్లిందే తప్ప మానేస్తున్నానని ఆమె ఎవరికీ చెప్పలేదు.

"తేలే, కాకా," అంది. "నేను మానేసిన."

ముసలాయన తల ఊపి చేయి వెనక్కి తీసుకున్నాడు. లోపల మిషన్లు ఒక్కొక్కటే మొదలవుతున్నాయి. నర్సవ్వ గేటు లోపల నిలబడి, కొంగుతో మూతి తుడుచుకుని రాధికవైపు తిరిగింది.

"రేపు ఐతారం," అంది. "ఏడింటి బస్సుకు కోరుట్లకు అస్త. తొమ్మిదేండ్ల సంది చేతులెక్కిస్తున్న, ఒక్క టీషర్టన్న మొదటికెళ్లి కడదాంక చూడలే. రేపు ఇద్దరం కూసొని ఒకటి పూర్తిగ కుడదాం. మీ అత్తకు చెప్పు, నేను జర ఎక్కువనే తింట."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. ఖాళీ అయిన సిమెంటు బల్ల మీద, పప్పు మరకల మధ్య, చిన్నవ్వ సూదితో కుట్టిన మెడ ఒకటి మిగిలింది, పసిపిల్ల గాజంత గుండ్రంగా, ఎక్కడా ముడత లేకుండా.