దింపాల్సిన చోటు

మౌస్‌ను సొరుగులో పెట్టేసి, కళ్లు మూసుకుని, ట్యాబ్ కీ ఒక్కొక్కసారే నొక్కుతూ ఆయన వింటున్నాడు. చెవుల్లోని ఇయర్‌ఫోన్లలో చూపులేనివాళ్ల కోసం పెట్టిన కంప్యూటర్ గొంతు పేజీ చదువుతోంది.

"గురువారం, పదిన్నర, కంటి డాక్టరు. సమయం మార్చు, బటన్."

ఎంటర్ నొక్కాడు. పేజీ మీద చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ సమయం మార్చమంటారా? అవును, వద్దు. 'వద్దు' నొక్కాడు. పెట్టె మూసుకుంది. ఇప్పుడు గొంతు ఏమంటుందోనని విన్నాడు.

"మా ఆసుపత్రికి స్వాగతం," అంది గొంతు.

ఆయన కళ్లు తెరిచి, అద్దాలు తీసి నుదురు రుద్దుకున్నాడు. అది పేజీలో మొట్టమొదటి వరుస. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఆఫీసులో ఆయన్ని అందరూ పెట్టెల బాబాయ్ అంటారు. మిగతావాళ్లు పేజీలు కడతారు, బొమ్మలు పెడతారు. పేజీ మధ్యలో లేచి ఏదో ఒకటి అడిగే పెట్టెలు మాత్రం ఇరవై రెండేళ్లుగా ఆయనవే. యాభై ఎనిమిదేళ్ల బక్కపలచని మనిషి. చొక్కా చేతులు మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుని, పెట్టెల్ని నడిపే స్క్రిప్టు ఒక్కో వరుసా పెదవులు కదుపుతూ రాస్తాడు. ఇంట్లో భార్య కూర ఏం చెయ్యమంటారని అడిగినా బాబాయ్ అవును, వద్దు తప్ప మూడో మాట అనడని కుర్రకారు నవ్వుకుంటే, ఆయనా వాళ్లతో కలిసి నవ్వుతాడు. కానీ పెట్టె సంగతికొస్తే మాత్రం ఆయనది ఒకటే మాట. దారిన పోయే మనిషిని ఆపి ఏదైనా అడిగినవాడు, ఆపిన చోటే వదిలిపెట్టాలి.

ఆ మాట ఆయనకు పుట్టుకతో రాలేదు. పదకొండేళ్ల కిందట అక్క నేర్పింది.

అక్క ఆయనకంటే ఎనిమిదేళ్లు పెద్దది. తల్లి పోయాక తమ్ముడికి తల దువ్వి బడికి పంపింది ఆమే. పెళ్లి మాటెత్తితే "వీడు కాస్త పెద్దవాడవనీ" అనేది. వాడు పెద్దవాడయ్యాడు, ఆమెకు ఆ వయసు దాటింది. ఆ తర్వాత చూపు పోవడం మొదలైంది. కుడికన్ను పూర్తిగా పోయి, ఎడమకంట్లో కాస్త వెలుతురు మిగిలిన రోజుల్లో, కంప్యూటర్ గొంతు వింటూ ఆసుపత్రి పేజీలో తారీఖు తీసుకోబోయింది. తమ్ముడు చేసిన పెట్టె అడిగినదానికి ఆమె బదులిచ్చింది. పెట్టె మూసుకుని ఆమెను పేజీ మొదటికి విసిరేసింది. ఆమె డెబ్భై వరుసలు వింటూ మళ్లీ కిందికొచ్చింది. నాలుగుసార్లు అలాగే అయ్యాక లేచిపోయింది. పది రోజుల తర్వాత అన్నం తింటూ హాస్యానికి చెప్పినట్టు చెప్పింది.

"నీ బండి ఎక్కించుకుంటుంది గానీ, ఇంటిముందు దింపదురా. ఊరి చివర దింపి పొమ్మంటుంది."

ఇంకో తారీఖు దొరకడానికి రెండు నెలలు పట్టింది. ఆలోగా ఆ కాస్త వెలుతురూ ఆరిపోయింది. ముందే వచ్చినా నిలిచేది కాదని డాక్టరు అన్నాడు. ఆ మాట తాను నమ్మిందీ లేనిదీ ఆయన ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, రోజూ పొద్దున దణ్ణం పెట్టుకునే దేవుడికి తప్ప.

ఈ రోజు సాయంత్రం ఐదింటికి అదే ఆసుపత్రికి కొత్త పేజీ నెట్‌లోకి ఎక్కుతోంది. ఆఫీసులో పనుల గడువులు చూసే అమ్మాయి వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.

"మౌస్‌తో బానే ఉంది కదా బాబాయ్. వందలో ఒకరికి కూడా రాదు ఈ తేడా."

"ఆ ఒకరు మా ఇంట్లోనే ఉన్నారమ్మా."

ఆమె చేతిగడియారం చూసుకుంది. "ఐదుకి అయిదు నిమిషాల ముందు ఇవ్వండి. లేదంటే ఉన్నదే వెళ్లిపోతుంది. మళ్లీ వచ్చే నెలే."

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసి నాలుగు ముద్దలు తిని మళ్లీ పెట్టేశాడు. లోపం మూడింటికి దొరికింది. పెట్టె తెరుచుకునేటప్పుడు, ఏ బటన్ నొక్కితే తెరుచుకుందో స్క్రిప్టు గుర్తుపెట్టుకుంటుంది. మూసుకోగానే తిరిగి దాని దగ్గరికే పంపుతుంది. కానీ కొత్త పేజీ, పెట్టె మూసుకోగానే తారీఖుల జాబితా మొత్తం చెరిపి మళ్లీ గీస్తోంది. గుర్తుపెట్టుకున్న బటన్ అప్పటికే లేదు. అచ్చం అలాంటిదే ఇంకొకటి అదే చోట కూర్చుంది. కళ్లున్నవాడికి తేడా తెలియదు. స్క్రిప్టు మాత్రం ఇల్లు ఖాళీచేసి పోయినవాణ్ణి పేరు పెట్టి పిలిచి, ఎవరూ పలక్కపోయేసరికి పేజీ మొదటికి పోతోంది.

మొహం గుర్తుపెట్టుకుంటే లాభం లేదు, ఇంటి నంబరు గుర్తుపెట్టుకోవాలి అనుకున్నాడు. బటన్‌ను వదిలేసి దాని వరుస సంఖ్య దాచుకునేలా మార్చాడు. రెండు వరుసల స్క్రిప్టు అయిదు వరుసలయింది. కళ్లు మూసుకుని, దేవుణ్ణి తలుచుకుని, 'వద్దు' నొక్కాడు.

"సమయం మార్చు, బటన్," అంది గొంతు.

ఐదుకి ఎనిమిది నిమిషాలుండగా ఇచ్చేశాడు. ఐదుంపావుకి ఇంటికి ఫోన్ చేశాడు.

"నువ్వు పొద్దున చెప్పిన పేజీ చూశాన్రా," అంది అక్క. "ఊరి చివర పడెయ్యలేదు. దింపాల్సిన చోటే దింపావు."

"ఎన్నిసార్లు చూశావక్కా?"

"నాలుగుసార్లు. నీ మీద నమ్మకం అలాంటిది మరి."

ఆయన పైకే నవ్వేశాడు. పక్క బల్లల వాళ్లు తలెత్తి చూశారు.

"కాస్త నడుం వాలుస్తాను. వచ్చాక మాట్లాడుకుందాం," అని పెట్టేసింది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. అలాంటి చిన్న అదృష్టాల్ని ఆయన లెక్కలోకి తీసుకోడు గానీ, ఆ పూట తీసుకున్నాడు. ఇంటికెళ్లేసరికి భార్య నీళ్లిచ్చి, "వదిన పడుకుంది, అలికిడి చెయ్యకండి," అంది. కాళ్లు కడుక్కుని, ముందుగదిలో కూర్చుని అరగంట ఆగాడు. చీకటి పడుతుండగా లేపుదామని వెళ్లాడు.

అక్క గోడవైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని ఉంది. "అక్కా," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. భుజం మీద చెయ్యి వేసి, ఒళ్లు చల్లగా తగిలినా ఆ చెయ్యి తియ్యకుండానే మంచం అంచున కూర్చున్నాడు. గుమ్మం దగ్గరికొచ్చిన భార్య ఆయన వీపు చూసి అక్కడే ఆగిపోయింది.

ఏడుపు వెంటనే రాలేదు. ఒక ప్రశ్న వచ్చింది. మనుషుల్ని చెరిపి మళ్లీ గీసేవాడు ఒక్కొక్కరి చోటూ ఏ గుర్తుతో దాచుకుంటాడు? ఈమెను మళ్లీ మొదటినుంచి నడిపించడు కదా? అడగకూడదేమో అనిపించింది. అయినా దేవుణ్ణి అడిగాడు. జవాబు కోసం కాసేపు కూర్చున్నాడు.

భార్య వచ్చి దీపం వేసింది. మంచం కింద అక్క చెప్పులు, మొనలు గుమ్మంవైపు తిరిగి, లేచి కాళ్లు దించితే వెతుక్కోకుండా తగిలేలా, జతగా ఉన్నాయి.