తిమ్మన్న ఆఖరి నూలు

మా తమ్ముడు శేషాద్రి మద్రాసులో రసాయనశాస్త్రం చదివి ఎమ్మిగనూరుకు, మా ఇంటికి, వచ్చి రెండేళ్లయింది. రంగుల కార్ఖానా పెడతానని రోజూ అనేవాడు. యుద్ధం వచ్చి జర్మనీ రంగులు ఆగిపోయాయి కదా, తుమ్మ బెరడుతోనే నూలుకు ఎర్రరంగు వేయొచ్చనేవాడు. నా వంటింట్లో చిన్న సట్టిలో ఉడికించి చూపించాడు కూడా. ఎంత బాగా పట్టిందో! కానీ మొదలుపెట్టరా అంటే ఉగాది పోనీ అన్నాడు, వానలు పడనీ అన్నాడు. వానలు పడనేలేదు. చివరికి ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో గుమాస్తా పని ఒప్పుకొని, సోమవారం బస్సుకు పోతానన్నాడు.

శనివారం పొద్దున్నే మా వెనక వీధి నేతగాడు తిమ్మన్న వచ్చాడు. రంగు దొరకక మగ్గం ఆగి నలభై రోజులు. తెల్ల నూలు కట్ట ఒకటి గడప మీద పెట్టాడు.

"ఇదే ఆఖరిది శేషాద్రప్పా. రంగు లేని సీర ఎవురు కొంటారు? నీ సదువు దీనికి పట్టియ్యి."

"చెడిపోతే?"

"సెడిపోతే పిల్లోల్లను పిలుసుకొని బొంబాయికి కూలికి పోతా. ఊరికే పెట్టుకున్నా పోవాల్సిందే."

రెండేళ్లు కదలని మావాడు ఆ పూటే పెరట్లో రాగి కొప్పెర పొయ్యికెక్కించాడు. మంచినీళ్ల కడవకు మైలు నడవాల్సిన కరువది. అందుకని పెరటి బావిలోని ఉప్పటి చౌటి నీళ్లే తోడి పోశాడు. అప్పుడు వంటింటి సట్టిలో నేను పోసింది తాగే నీళ్లని నాకూ తట్టలేదు చూడండి.

నూలు పైకి తీస్తే చిరుతపులి తోలు మాదిరి మచ్చలు. తిమ్మన్న కూలబడిపోయాడు. పొద్దుటి నుంచీ అక్కడే ఉన్న అతని భార్య తాయమ్మ కొప్పెరలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"సౌటి నీళ్లు! నువ్వు తోడతాంటేనే సూస్తి. సదువుకున్నోడు, దీంట్లో ఏం మందేస్తాడో అని నోరు మూసుకుంటి."

"చెప్పాల్సింది కదమ్మా!"

"నువ్వు అడిగినావా? ముప్పై ఏండ్లు నూలు తడిపినదాన్ని."

బెరడు చిక్కగా వేసి మళ్లీ ఉడికిస్తే మచ్చలు కప్పుకుంటాయంది. ఎనిమిది కడవల మంచినీళ్లు కావాలి. మా ఇంట్లో ఉన్నది ఒకటి. తాయమ్మ వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఏడు తెచ్చింది. చంటిబిడ్డ తల్లి హులిగమ్మ తన కడవ ఇచ్చేసి, మళ్లీ పరుగెత్తుకొచ్చి, "పసిదానికి ఇంత ఉంచుకుంటానమ్మా" అని లోటాడు నీళ్లు ముంచుకుపోయింది. ఆ రోజు ఆ వీధిలో పొయ్యిలు రాజలేదు.

సాయంత్రానికి నూలు తేలింది. ఎరుపు కాదు, పాత చింతపండు రంగు. తిమ్మన్న పోగులు వేళ్ల మధ్య జార్చి చూశాడు.

"అంతా ఒకే తీరుగ ఉండాది" అన్నాడు. బాగుందని అనలేదు.

సోమవారం వెనక వీధిలో మగ్గం చప్పుడు. మావాడు పెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి అదే వీధి నేతగాళ్లు దుర్గప్ప, ఏసన్న నూలు కట్టలతో నిలబడి ఉన్నారు.

"నీళ్లు లేవన్నా. మీ ఇండ్లలోవన్నీ మొన్ననే పోసేస్తిని" అన్నాడు మావాడు.

"తుంగభద్రకు బండి కట్టినాం. రేపటికి వస్తాయి. నువ్వు యాడికీ పోవద్దు" అన్నాడు ఏసన్న.

"ఆ చీర అమ్ముడుపోతుందో లేదో!"

"మాకూ తెలీదు. ఇంగ మాకేముండాది సెప్పు?"

మావాడు పెట్టె మీదే కూర్చుండిపోయాడు. బస్సు హారను రెండుసార్లు మోగింది. లేవలేదు.

"అక్కా, తాయమ్మకు చెప్పిరా" అన్నాడు. "నీళ్లు రాంగానే ముందు ఆమె రుచి చూడల్ల."