నవ్వని చెట్టు

వడ్రంగి షెడ్డు వెనకాలే ఇల్లు. ఆ ఇంటి అత్తగారికి మాటలే ఊపిరి. రంపం కోత ఆగినా ఆవిడ కబుర్లు ఆగవని పనివాళ్ళు ఆటపట్టించేవారు. అలాంటి ఇంటికి వచ్చిన కోడలేమో ఊకొట్టడం తప్ప నోరు మెదపదు. ఆవిడ దిగులల్లా అదే.

మొదట్లో ఇలా లేదు. పిల్లది వేరే భాష, అయినా గబగబా తెలుగు పట్టేసింది. ఒకరోజు తలుపు చేయించుకున్నాయన వస్తే, మామగారు లేరు కదా అని తనే ఎదురెళ్ళి, "మామయ్య బయటికి వెళ్ళింది. మీ తలుపు తయారయ్యాడు, తీసుకెళ్ళండి" అంది. పనివాళ్ళు ఉలీ సుత్తీ వదిలేసి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. "తలుపుగారు భోంచేశారా?" అని ఒకటే వెటకారం. ముద్దొచ్చి అత్తగారూ నవ్వింది. అంతే, పిల్ల నోటికి గడియ పడింది.

ఇవాళ బట్టలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్ళబోయి ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది. చెట్టుకు వీపు ఆనించి కోడలు తన భాషలో గలగలా మాట్లాడుతోంది. చేతులు తిప్పుతోంది, మధ్యమధ్య నవ్వుతోంది కూడా. చేతిలో ఫోను లేదు, ఎదురుగా మనిషి లేడు. అత్తగారికి చెట్టు మీద కుళ్ళు పుట్టింది.

బకెట్టు దించి పక్కన కూలబడింది. "ఏమ్మా, దానితో చెప్పే కబుర్లు నాతో చెప్పకూడదూ?"

కోడలు తలొంచుకుంది. "చెట్టు నవ్వదు, అత్తయ్యా."

ఆ మాట చెక్క పేడులా గుచ్చుకుంది. "సరే, నవ్వదు. విని ఏం చేస్తుంది?" అంది ఆవిడ.

చెట్లకు టేపు చుట్టి కొలవడమే కోడలి ఉద్యోగం. ఆ ఊసెత్తేసరికి గడియ కాస్త జారింది. మనం వదిలే గాలిలో కార్బన్ అనే బొగ్గుసారం ఉంటుందట, ఆకులు దాన్ని లాక్కుంటాయట, మాను బలిసేది దానితోనేనట. కొట్టి బల్ల చేసినా, తలుపు చేసినా, కాల్చనంతవరకూ అందులోనే ఉంటుందట.

"అయితే మీ మామయ్య చేసిన తలుపులో ఎవరెవరి ఊపిరో ఉందన్నమాట. మరి తయారయ్యాడంటే తప్పేముందే?"

కోడలు నవ్వాపుకోలేకపోయింది. "మా భాషలో తలుపు మగవాడు, కుర్చీ ఆడది. ఇంకో భాషలో సూర్యుడు ఆడది, చంద్రుడు మగవాడు. అమ్మాయి మాత్రం రెండూ కాదు."

"అదేం వింత? మన దగ్గరా అంతేగా. అమ్మాయి వచ్చింది, బల్ల వచ్చింది. మనల్ని ఎప్పుడో సామానులో కలిపేశారు. మరి చెట్టో?"

"మగవాడే."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ, ఇన్నాళ్ళూ వాడి ఎదుటే జాకెట్లు ఆరేశానుటే?"

అప్పటికప్పుడు కోడలి చేత ఒక ముక్క చెప్పించుకుని, మరిచిపోకముందే షెడ్డులోకి నడిచి, ఆ భాషలో రంపమెక్కడని గట్టిగా అడిగింది. చిత్రిక పడుతున్న మామగారు చెయ్యి ఆపి నోరు తెరిచారు. పనివాళ్ళు పగలబడి నవ్వారు.

"నవ్వండర్రా. మళ్ళీ అడుగుతా" అని ఇంకా తప్పుగా అడిగింది.

వెనకాలే వచ్చిన కోడలు ఉండబట్టలేక అందరి ముందూ గొంతెత్తింది. "రంపం మగవాడు కాదు, అత్తయ్యా, ఆడది. మామయ్యా, మీరు నవ్వకండి, అత్తయ్య నేర్చుకుంటున్నాడు."

ఈసారి ముందు నవ్వింది కోడలే.

బకెట్లో ఉండిపోయిన బట్టలు ఆరేయడానికి ఇద్దరూ మళ్ళీ పెరట్లోకి వెళ్ళారు. కోడలు మాను మీద అరచెయ్యి వేసి, తెలుగులోనే, కొంటెగా చెప్పింది. "ఇవాళ అత్తయ్య కూడా వచ్చాడు."

"వచ్చాడమ్మా, వచ్చాడు. కాస్త జరుగు, మీ అత్తయ్యకి నడుం నొప్పి, వాడూ ఆనుకుంటాడు."