డ్రైవరమ్మ పరుగు

ఏడాదిగా ఒక్క మాత్ర కూడా మింగని డ్రైవరమ్మ మూత్రంలో మత్తుమందు దొరికింది.

డిపో డాక్టరమ్మ ఆ సంగతి చెప్పే ముందు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. మళ్ళీ బస్సు ఇచ్చే ముందు చేసే పరీక్షలో, మొదటి నమూనాలో కనబడితే పొరపాటేమో అనుకుందట. అందుకే పోయిన వారం మళ్ళీ తీసుకుంది. అందులోనూ అదే. నరాలను జోకొట్టే మందు, నిద్రమాత్రల జాతి. తెలియక ఒకసారి మింగితే ఇలా రాదని, రోజూ ఒంట్లోకి వెళ్తుంటేనే వస్తుందని చెప్పింది.

"నేను వేసుకోలేదు మేడమ్."

"వేసుకోకపోతే ఎవరో వేస్తున్నారు. వాళ్ళెవరో రేపటిలోగా నా ముందుకొచ్చి వాళ్ళ నోటితో చెప్పాలి. అలా చెప్తే మళ్ళీ ఏడాది ఆగి పరీక్షకి రావచ్చు. లేదంటే స్టీరింగ్ సంగతి ఇక మర్చిపోవడమే. మందు తీసుకుని, తీసుకోలేదని దాచావని రాయాల్సి వస్తుంది."

డ్రైవరమ్మ బయటికొచ్చి వరండాలో నిలబడింది. ఎదురుగా యార్డులో బస్సులు వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని సీటు కోసమే ఇన్నాళ్ళ చాకిరీ.

పోయినేడు నిండు బస్సుతో బ్రిడ్జి ఎక్కుతుంటే ఆమె గుండె ఉన్నట్టుండి దబదబా కొట్టుకుంది. ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకుంది. బస్సును బ్రిడ్జి మధ్యలో ఆపేసి, దిగి, రెయిలింగ్ పట్టుకుని కూలబడింది. గుండెకి ఏ రోగమూ లేదని ఆస్పత్రిలో తేల్చారు. ఉన్నదల్లా భయం. భయమని రాయిస్తే డిపోలో సెలవు కూడా దొరకదు. ఆమెను తీసుకెళ్ళి బస్సు పాసుల కౌంటర్లో కూర్చోబెట్టారు. మాత్రలు వాడితే భయం తగ్గుతుంది, కానీ మాత్రలు వాడేవాళ్ళకి బస్సు ఇవ్వరు.

అప్పుడు పరుగు మాట చెప్పింది ఈ డాక్టరమ్మే. దడ వచ్చినప్పుడు హడలిపోకుండా, నువ్వే పరిగెత్తి దడ తెచ్చుకో అంది. గుండె కొట్టుకున్నంత మాత్రాన ప్రాణం పోదని ఒంటికి తెలిసి రావాలి. బుర్రకి చెప్తే వినదు, కాళ్ళతోనే చెప్పాలి.

మొదట్లో వీధి చివరిదాకా వెళ్ళేసరికి ఏడుపొచ్చేది. తర్వాత పార్కు దాకా, ఆ తర్వాత పార్కు చుట్టూ, చివరికి అదే బ్రిడ్జి మీదుగా. గుండె దబదబలాడుతుంటే నవ్వుకుంటూ పరిగెత్తేది. పక్కనే పాత సైకిల్ మీద నాన్న, హ్యాండిల్‌కి వేలాడుతూ నిమ్మనీళ్ళ సీసా. జీవితమంతా ఆస్పత్రిలో కాంపౌండరుగా మందులు కలిపి రిటైరైన మనిషి ఆయన. కదిలిపోతున్న బస్సు కోసం కూడా ఏనాడూ పరిగెత్తి ఎరగడు. వీధిలో అందరూ ఆయనకి కోచ్ గారని పేరు పెట్టారు. పరిగెత్తేది కూతురైతే చెమటలు తండ్రికి పడుతున్నాయేంటని ఎగతాళి చేసేవాళ్ళు.

ఎవరు కలుపుతున్నారు? డ్రైవరమ్మ మనసు తిన్నగా హారన్ మీదకి పోయింది. హారన్ అంటే ఆమె పాత రూటులో ఇప్పుడు బస్సు నడుపుతున్న కుర్ర డ్రైవరు. గొంతు పెద్దది కాబట్టి ఆ పేరు. రోజూ మధ్యాహ్నం ఆమె ఫ్లాస్కులో టీ పోయించి తెచ్చేది వాడే. ఇంట్లో వాళ్ళమ్మ నిద్రమాత్రలు వేసుకుంటుందని వాడే ఒకసారి చెప్పాడు. ఈమె తిరిగొస్తే రూటు పోయేదీ వాడికే.

రెస్టురూములో అందరి ముందే అడిగేసింది. టీలో ఏం కలుపుతున్నావని, ఆ రూటు అంత తీపి అయిందా అని, తమ్ముడూ తమ్ముడూ అని పిలిచినందుకు ఇదా నువ్వు చేసేదని నోటికొచ్చినట్టు దులిపేసింది. క్యారేజీలు విప్పుకుంటున్నవాళ్ళ చేతులు ఆగిపోయాయి. హారన్ మొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు.

"అక్కా, ఆ రోజు బ్రిడ్జి మీద నుంచి నీ బస్సు దించి తెచ్చింది నేను. నీ వెనకాల నిన్ను పిరికిదన్నవాళ్ళతో మాటలు మానేసింది కూడా నేనే. ఇక నీ రూటంటావా, ఆ చివర్న ఒంటికి పోవడానికి కూడా దిక్కు లేదు. దాని కోసం నీకు విషం పెడతానా?"

ఎవరూ నవ్వలేదు. వాడు ఫ్లాస్కు మూత బిగించి ఆమె ముందు పెట్టాడు.

"మరి మొన్న మీ నాన్న ఊళ్ళో లేని వారం మాత్ర మానేసిన రోజు మా అమ్మకి వణికినట్టే నీ చెయ్యి వణికి టీ అంతా ఒలికింది కదా. అప్పుడూ నా టీయే తాగావు. మందు కలిపేది నేనే అయితే ఎందుకు వణికావు?"

వాడు వెళ్ళిపోయాడు. వాడికి క్షమాపణ చెప్పాలన్న సంగతి కూడా ఆమెకి తట్టలేదు.

ఆ వారం నాన్న మేనత్తను చూసి రావడానికి వెళ్ళాడు. తను ఒక్కతే పరిగెత్తింది. సీసాలో కుళాయి నీళ్ళు పట్టుకుంది. రెండో రోజుకే నిద్ర కరువైంది. చేతులు వణికాయి, గుండె మళ్ళీ బ్రిడ్జి మీద కొట్టుకున్నట్టే కొట్టుకుంది. నాన్న పక్కన లేక ధైర్యం చాలట్లేదనుకుంది. తిరిగొచ్చాక ఆయనా అదే అన్నాడు. నేనుంటేనే నీకు ధైర్యం తల్లీ, అని నిమ్మనీళ్ళ సీసా అందించాడు. తాగిన కాసేపటికి మనసు కుదుటపడింది. అలా కుదుటపడినందుకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది కూడా.

డిపో నుంచి ఇంటికి ఆమె నడవలేదు, పరిగెత్తింది. యూనిఫాంలో, ఆఫీసు చెప్పులతో. దారిలో ఎవరో కోచ్ గారేరని అడిగారు. ఆగలేదు.

వంటింట్లో నాన్న సీసా కడుగుతున్నాడు. సన్న బ్రష్షు పెట్టి, అడుగు తెల్లబడేదాకా తోముతున్నాడు. గట్టు మీద మందులు నూరే చిన్న పింగాణీ కల్వం తిరగేసి ఆరబెట్టి ఉంది. ఇంట్లో జబ్బుపడ్డవాళ్ళు ఎవరూ లేరు.

"నాన్నా, ఇందులో ఏం కలుపుతున్నావు?"

ఆయన కుళాయి కట్టేశాడు. ఏమీ కలపలేదని అంటే బాగుండునని, ఆ ఒక్క క్షణం ఆమెకి నిజంగా అనిపించింది. ఆయన అనలేదు. డాక్టరమ్మ పెట్టిన షరతు ఆమె చెప్తుంటే తలొంచుకుని విన్నాడు. చేతులు తుడుచుకుని, కొక్కానికున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు. గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు. ఎప్పుడూ ఆ పని సరిచేసేది ఆమే. ఈసారి చెయ్యి చాపలేదు.

డాక్టరమ్మ గదిలో కుర్చీ చూపించినా ఆయన కూర్చోలేదు. ఎవరు కలిపారో చెప్పమని డాక్టరమ్మ అడిగింది.

"నేనేనమ్మా. పొద్దున్నే కల్వంలో నూరి నిమ్మనీళ్ళలో కలిపేవాణ్ణి. రుచి తెలియకుండా కలపడం నాకు కొత్త కాదు, నా బతుకంతా అదే పని. పరీక్షలో పట్టేస్తారని తెలీదు. మా రోజుల్లో బీపీ చూసి, కళ్ళు చూసి పంపించేసేవాళ్ళు."

"ఏడాది మొత్తం కలిపారా?"

"లేదు. చలికాలం పోయేదాకా ఏమీ కలపలేదు. ఒట్టి నిమ్మకాయే. అప్పటికే ఇది బాగుపడిందమ్మా, తన కాళ్ళ మీద తనే బాగుపడింది. నేను పక్కనే చూశాను కదా. మళ్ళీ బస్సెక్కుతా నాన్నా అంది. ఆ రోజు నుంచి నాకు కునుకు లేదు. కళ్ళు మూసుకుంటే ఆ బ్రిడ్జే. నిండు బస్సు, అందులో ఇది. నాతో పాటు పరిగెత్తు నాన్నా అని ఇది ఎన్నిసార్లు అందో. సైకిల్ చాల్లే అన్నాను. నిద్ర పట్టట్లేదని ఆస్పత్రికెళ్ళి మాత్రలు రాయించుకున్నాను. ఆ మాత్రలు నాకోసం ఇచ్చినవి. నేను ఒక్కటీ వేసుకోలేదు. అన్నీ దీనికే పోశాను. ఇది నిమ్మళంగా కనబడితే, ఆ రాత్రి నాకు నిద్ర పట్టేది."