తలకిందుల ముద్ర

ఇరవై ఏడో కాగితం ప్రింటర్‌లోంచి సగం బయటికి వచ్చి ఆగిపోయింది. అఫ్కార్ దాన్ని లాగలేదు. లాగితే నలుగుతుంది. మూత పక్కన అరచేత్తో ఒక్కటి చరిచింది. కాగితం బుద్ధిగా ట్రేలో పడింది.

పడ్డదాన్ని పడ్డట్టే కట్టలో పెట్టే మనిషి కాదామె. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టి చూసింది. పైన లిఫ్ట్ కంపెనీ పేరు. దానికింద భవనం చిరునామా, లిఫ్ట్ నంబరు, కిందటివారం మీటరు అంకె, ఈవారం చేయాల్సిన పనులు, వెళ్ళాల్సిన మెకానిక్ పేరు. అన్నీ కంప్యూటర్ రికార్డుల్లోంచి వచ్చి ఎవరి గడిలో వాళ్ళు కూర్చున్నాయి. ఆ గడులన్నీ గీసింది ఆమే. అలెగ్జాండ్రియాలో మూడువందల పన్నెండు లిఫ్టులు ఆమె గీసిన గీతల మధ్యే ఎక్కి దిగుతున్నాయి.

ఆ ఫారంలో ప్రతి గడికీ ఒక కథ ఉంది. చిరునామా గడి మూడు వరుసలు. ఎందుకంటే ఆ ఊళ్ళో వీధి పేరు చెబితే ఎవరూ ఎక్కడికీ చేరరు. ట్రామ్ స్టేషన్ వెనక, మూతబడ్డ మందులషాపు పక్క, పచ్చగేటు ఎదురు అని రాయాలి. ఒకసారి దాన్ని ఒక వరుసకి కుదించమంటే కుదించింది. మర్నాడు మెకానిక్ షలబీ, అందరూ ‘ఉస్తా’ అని, అంటే మేస్త్రీ అని పిలిచే మనిషి, పొద్దుటంతా చెమటోడ్చి, పక్క భవనంలో వేరే కంపెనీవాళ్ళ లిఫ్ట్‌కి నూనె పోసి, తాళ్ళు బిగించి, వాళ్ళ వాచ్‌మన్ చేత సంతకం కూడా పెట్టించుకొచ్చాడు.

మీటరు గడి వెనక ఉన్నది మాత్రం నవ్వే కథ కాదు. పదిహేనేళ్ళ కిందట ఒక మెకానిక్ వెళ్ళకుండానే వెళ్ళినట్టు రాసిచ్చాడు. ఆమె ఫైలు చేసింది. పదిరోజులకి ఆ లిఫ్ట్ రెండంతస్తులు జారిపడి ఒక పంతులమ్మ తుంటి విరిగింది. అఫ్కార్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఆమే మర్నాడు పొద్దున్నే కూర్చుని కొత్త గడి గీసింది: లిఫ్ట్ ఎన్నిసార్లు కదిలిందో చెప్పే మీటరు అంకె. ఆ అంకె భవనం పైనున్న లిఫ్ట్ యంత్రాల గదిలోకి వెళ్తే తప్ప తెలియదు.

అప్పటినుంచీ ఆమె కాగితాన్ని నమ్మడం మానేసింది. కాగితం తెచ్చినవాణ్ణి అంతకుముందే మానేసింది. టీపొడి డబ్బా మీద పెన్సిలు గీత పెట్టుకుని రోజూ చూసుకుంటుంది. ఆఫీసులో ఆమెకి ‘కస్టమ్స్ చెక్‌పోస్టు’ అని పేరు. ఎదురుగా మాత్రం అందరూ ‘అబ్లా’, అంటే అక్కా అంటారు.

“మల్లెపూల ఉదయం, అబ్లా!” అంటూ షలబీ లోపలికొచ్చాడు. చేతిలో బఠాణీ గారెల రొట్టె, చంకలో రెండువారాల కిందటి ఫారాల కట్ట. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ గ్రీజు వాసన. “ఇవిగో, అన్నీ ముద్రలు పడ్డాయి. నా కడుపులోనే ఇంకా ఏం పడలేదు.”

“వారం ఆలస్యం.”

“సంచిలో ఉండిపోయాయి. దేవుడి మీద ఒట్టు.”

“దేవుణ్ణి మధ్యలోకి లాగకు ఉస్తా. ఆయన సంతకానికి మన ఫారంలో గడి లేదు.”

షలబీ పగలబడి నవ్వి, ఆ రోజు వెళ్ళాల్సిన ఫారాల కోసం బల్ల పక్కనే కూర్చుని రొట్టె విప్పాడు.

ఆమె కట్ట తిరగేసింది. ఫారం అడుగున మూడు గడులు. మెకానిక్‌ది, సూపర్‌వైజర్‌ది నలుచదరం. మధ్యలో వాచ్‌మన్‌ది గుండ్రం. నగరంలో ముసలి వాచ్‌మన్లలో సగంమందికి రాయడం రాదు. దక్షిణాన అస్వాన్ వైపునుంచి వచ్చేటప్పుడే ఇత్తడి మీద పేరు చెక్కించుకుని దారంతో మెడలో వేసుకొస్తారు. సంతకం అవసరమైనప్పుడు ఆవిరి ఊది కొడతారు. ఆ ముద్రల కోసమే అఫ్కార్ గుండ్రటి గడి గీసింది.

తొమ్మిదో ఫారం దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి.

యాస్మీన్ భవనం. వాచ్‌మన్ బషరీ. ముద్ర చక్కగా, నిటారుగా, గడి మధ్యలో పడి ఉంది.

అదే తేడా. ఇరవై రెండేళ్ళుగా బషరీ పేరు ఆ గడిలో తల కింద, కాళ్ళు పైన. ముద్ర చెక్కినవాడు అంచున ఒక గాటు పెట్టాడు, అది పైకి ఉండాలని. చదువురాని బషరీ అది కిందికనుకున్నాడు. ఏ ఒక్కనాడూ పొరపాటున కూడా సరిగ్గా కొట్టలేదు.

ఆమె లేచి బీరువా తీసింది. కిందటి వారంది, మూడు వారాల కిందటిది, ఆపైది. చేతిలోదానితో కలిపి ఏడు ఫారాలు నిటారు. ఎనిమిదోది తలకిందులు. ఆ వెనకవన్నీ తలకిందులే.

ఏడు వారాలుగా ఆ ముద్ర కొడుతున్నది చదువొచ్చినవాడు. ఇన్నివారాలూ ఆమె అంకెలే సరిచూసింది, ముద్రని కాదు.

అఫ్కార్ కదలకుండా షలబీ వైపు చూసింది. వాడు మీసానికంటిన నువ్వులముద్ద తుడుచుకుంటున్నాడు. చదువొచ్చినవాడు. ఎదురుగానే కూర్చున్నాడు. సంచిలో నకిలీ ముద్ర పెట్టుకుని, టీ దుకాణంలో కూర్చుని, కాగితాల మీద లిఫ్టులు బాగుచేస్తున్నాడా?

పంతులమ్మ తుంటి గుర్తొచ్చింది.

ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని యాస్మీన్ భవనం ఫారం ఒక్కటీ మళ్ళీ తెరిచింది. కిందటివారం మీటరు అంకెని అచ్చులోంచి తీసేసి గడి ఖాళీగా ప్రింటు కొట్టింది. పాత అంకె కనిపిస్తేనే కదా దొంగకి కొత్త అంకె అల్లడం కుదిరేది! సొంత కూతురి ఫోన్ నంబరు గుర్తుండని షలబీకి లిఫ్ట్ మీటరు గుర్తుంటుందా? తన అంకెని మాత్రం అరచేతిలో పెన్నుతో రాసుకుంది: 118402.

“ఇక్కడేదో ఖాళీగా ఉందేంటబ్లా?” ఫారాలు సర్దుకుంటూ అడిగాడు షలబీ.

“ప్రింటర్‌కి ఒంట్లో బాలేదు. నువ్వెళ్ళి చూసి రాయి.”

వాడు వెళ్ళిన పది నిమిషాలకి ఇంజనీర్ నాదిర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

“అబ్లా, శనివారం నుంచి కొత్త ఫారం. వాచ్‌మన్ పేరు, గుర్తింపు కార్డు నంబరు రికార్డులోంచి అచ్చయి రావాలి. పక్కన వాళ్ళ చేతి సంతకం. ఈ ఇత్తడి ముద్రలు ఇక చెల్లవు. ఇదేమన్నా సుల్తాన్ల కాలమా!”

“రాయడం రానివాళ్ళు?”

“నేర్చుకుంటారు. లేదా యజమానులు రాయడం వచ్చినవాళ్ళని పెట్టుకుంటారు. సాయంత్రానికి అచ్చు చూపించండి.”

మరో రోజైతే ఆమె గుండ్రటి గడి కోసం గంట వాదించేది. ఇవాళ అరచేతిలో అంకె మండుతోంది. మధ్యాహ్నం నమాజు పిలుపు వినిపించగానే సంచి భుజాన వేసుకుని ట్రామెక్కింది.

ట్రామ్‌లో కిటికీ పక్కన కూర్చున్నాక మహరూస్ గుర్తొచ్చాడు. ఇలా ఎవరినో పట్టుకోవడానికి వెళ్ళేటప్పుడల్లా గుర్తొస్తాడు. ఆమెకి ఇరవయ్యారేళ్ళప్పుడు నిశ్చితార్థం చేసుకున్నవాడు. ఓడరేవులో పని. శుక్రవారం డ్యూటీ ఉందన్నాడు. ఆమె వెళ్ళి డ్యూటీ కాగితం చూసింది. అందులో అతని పేరు లేదు. మర్నాడే ఉంగరం తిప్పి పంపింది. ఏడాది తర్వాత తెలిసింది, ఆ కాగితం పాతవారానిదని. అప్పటికే అతనికి వేరే పెళ్ళయింది. కాగితం అబద్ధం ఆడుతుందని ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది. అతని ముఖమైనా ఒకసారి చూసి అడిగి ఉండాల్సిందన్న రెండో పాఠాన్ని ఆమె ఎప్పుడూ చదవలేదు.

యాస్మీన్ భవనం పచ్చగేటు తెరిచే ఉంది. మెట్లు తడిగా, శుభ్రంగా ఉన్నాయి. లిఫ్ట్ తలుపు పట్టాల దగ్గర గొంతుక్కూర్చుని ఒక మనిషి గ్రీజు రాస్తున్నాడు.

షలబీ.

“అబ్లా? ఇక్కడా?” వాడి చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

“ఫారం ఇవ్వు.”

తీసుకుని చూసింది. మీటరు గడిలో వాడి వంకర రాత: 118977. అరచేతిలో అంకెతో పోల్చింది. ఆరంతస్తుల భవనానికి వారంలో అయిదువందల డెబ్బై అయిదుసార్లు. సరిగ్గా ఉండాల్సినంత. అయినా తనే పైకెళ్ళి లిఫ్ట్ గదిలో మీటరు చూసొచ్చింది. 118978. ఆ ఎక్కువైన ఒకటి ఆమె ఎక్కినదే.

ఒక అనుమానం చచ్చింది. దాని కడుపులోంచి ఇంకోటి లేచింది.

“ముద్ర గడి ఖాళీగా ఉందే. బషరీని పిలువు.”

షలబీ బ్రష్షు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తున్నాడు. “ఊళ్ళో లేడబ్లా. పొలం గొడవ.”

“ఊళ్ళో లేనివాడు ఏడు వారాలు ముద్ర ఎలా కొట్టాడు?”

మెట్లకింది గది తలుపు చప్పుడైంది. నల్లబట్టల్లో ఒక పొడుగాటి స్త్రీ బయటికొచ్చింది. చేతుల నిండా సబ్బు నురగ. బషరీ భార్య. భవనంలో అందరూ ఉమ్ హిలాల్ అంటారు.

“ఆయన్నేం అనకండి హానిం, అమ్మగారూ. ముద్ర కొట్టింది నేను.” ఆమె తలుపు బార్లా తీసింది. “లోపలికి రండి. మెట్లమీద మాట్లాడితే ఆరో అంతస్తుదాకా వినిపిస్తుంది. వాళ్ళకి తెలుసనుకోండి. యజమానికి తెలియకూడదంతే.”

గదిలో మంచం, గ్యాసు పొయ్యి, తాళాల బోర్డు. తాళాల మధ్య మేకుకి నల్లదారంతో ఇత్తడి ముద్ర వేలాడుతోంది.

“బషరీ ఎక్కడ?”

“మా ఊళ్ళోనే. వాళ్ళ నాన్న పక్కన.” ఉమ్ హిలాల్ చేతులు కొంగుకి తుడుచుకుంది. “ఆరోజు నీళ్ళ మోటారు కట్టేసొచ్చి ఆ మంచం మీద పడుకున్నాడు. టీ పెట్టాను. చల్లారిపోయింది, లేవలేదు. రైల్లో తీసుకెళ్ళాం. నలభయ్యో రోజు కూడా అయిపోయింది.”

షలబీ గడప దగ్గర టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

“యజమాని కైరోలో ఉంటాడు. ఎన్నేళ్ళయిందో ఇటు చూసి. నెలకోసారి మీ ఫారాలు చూసుకుంటాడు, అంతే. అందులో బషరీ ముద్ర ఉంటే బషరీ ఉన్నట్టు. లేకపోతే కొత్త మనిషి వస్తాడు. పెళ్ళాం పిల్లలతో వస్తాడు. ఈ గది కావాలంటాడు. నేనెక్కడికి పోను?”

“మెట్లెవరు కడుగుతున్నారు?”

“నేనే. ఆయన మోకాళ్ళు పోయినప్పటినుంచీ నేనే. లిఫ్ట్ ఆగితే మీ ఆఫీసుకి ఫోన్ చేసేదీ నేనే. ముద్ర ఒక్కటే ఆయనది.” ఆమె అఫ్కార్ ముఖంలోకి చూసింది. “మీకెలా తెలిసింది? గీత కూడా వంకర పోకుండా కొట్టానే!”

“అందుకే తెలిసింది. ఆయన ఎప్పుడూ తలకిందులుగా కొట్టేవాడు.”

ఉమ్ హిలాల్ నోరు తెరిచింది. ఒక్కసారి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వుతూనే మంచం అంచున కూలబడింది. కళ్ళు నిండిపోయాయి.

“మసీదులో అక్షరాలు నేర్పుతుంటే వెళ్ళేదాన్ని. మొదటినెల్లోనే చెప్పాను, ‘ఓరి మనిషీ, నీ పేరు తలమీద నిలబడింది, తిప్పి కొట్టు’ అని. ఏమన్నాడో తెలుసా? ‘కంపెనీవాళ్ళు అలవాటు పడిపోయారే. ఇప్పుడు తిప్పితే అనుమానిస్తారు’ అన్నాడు.”

అఫ్కార్ తాళాలబోర్డు మీది ముద్ర వైపు చూసింది. తర్వాత సంచిలోంచి పెన్ను తీసింది.

“నీ అసలు పేరు?”

“రతీబా. ఎందుకు? నా పేరు రాస్తే రేపే గెంటేస్తారు!”

“శనివారం నుంచి ముద్రలు చెల్లవు. గుర్తింపు కార్డు, చేతి సంతకం అడుగుతారు. అప్పుడేం చేస్తావు? బషరీ చేత పెట్టిస్తావా?” ఆమె గొంతు తన అలవాటు ప్రకారం కటువుగానే వచ్చింది. “కార్డు తియ్యి. అచ్చులో వచ్చిన పేరుని ఎవరూ అనుమానించరు. అనుమానించేదాన్ని ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే.”

రతీబా చాలాసేపు ఆమెనే చూసింది. ఆ చూపు అఫ్కార్‌కి బాగా తెలుసు. రోజూ తను లోకాన్ని చూసే చూపే అది. చివరికి పరుపు కిందనుంచి కార్డు వచ్చింది. దానితోపాటు మేకు మీది దారం కూడా.

“ఇది మీరే ఉంచండి హానిం. కళ్ళముందుంటే మళ్ళీ కొట్టాలనిపిస్తుంది.”

నాలుగు గంటలకి కొత్త ఫారం సిద్ధమైంది. గుండ్రటి గడి పోయింది. దాని చోట మూడు గీతలు: పేరు, కార్డు నంబరు, సంతకం. నాదిర్ అచ్చు తీసుకుని చూశాడు. నమూనాగా ఆమె ప్రింటు కొట్టింది యాస్మీన్ భవనానిదే.

“రతీబా? ఆడమనిషి వాచ్‌మన్ ఏంటబ్లా?”

ఆమె ఫిర్యాదుల పట్టిక ఆయన ముందు పెట్టింది. “ఆరేళ్ళుగా ఆ భవనం నుంచి లిఫ్ట్ ఆగిందని ఫోన్ చేసింది ఎవరో చదవండి. ముప్పయ్యొక్కసార్లు. ఒకే పేరు, ఉమ్ హిలాల్. ఈ రతీబాయే. మన రికార్డే తప్పు, ఇవాళ దిద్దాను.”

“యజమాని అడిగితే?”

“గడులన్నీ నిండి ఉంటే యజమానులు అడగరు. అడిగితే నా దగ్గరికి పంపండి. నేను సంతకం లేనిదే ఎవరికీ టీ కూడా ఇవ్వనని చెప్పండి.”

నాదిర్ నవ్వి, ఫోన్ మోగితే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక్క పని మిగిలింది. రికార్డు మార్చినప్పుడు కారణం చెప్పందే కంప్యూటర్ ముందుకి కదలదు. ఆ నిబంధన కూడా ఆమె పెట్టించిందే. మూడే కారణాలు: పని మానేశారు, తొలగించారు, మరణించారు. మూడోదాని మీద నొక్కింది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి వారం ఆ ఫారంలో ముద్రగా పడిన బషరీ పేరు, చప్పుడు లేకుండా, తెర మీదినుంచి వెళ్ళిపోయింది.

యజమాని నిజంగా అడుగుతాడేమో. అడగడేమో. శనివారం దాకా తెలియదు. ముఖం చూసి నమ్మి కాగితం మార్చడం తన జీవితంలో ఇదే మొదలు. ఆ మాట తలుచుకుంటే తనమీదే అనుమానం వేసింది. బల్ల దీపం ఆర్పి, టీపొడి డబ్బా చేతిలోకి తీసుకుంది. పెన్సిలు గీతకి వేలెడు తగ్గి ఉంది. చూసి, కొత్త గీత పెట్టకుండానే మూత పెట్టేసింది.

కీబోర్డు పక్కన, రేపటి ఖాళీ ఫారాల మీద, నల్లదారం చుట్టిన ఇత్తడి ముద్ర ఉంది. అక్షరాల సందుల్లో నీలి సిరా ఇంకా అంటుకునే ఉంది. దాని గాటు కిందికి తిరిగి ఉంది.